రెండో రాతికుప్ప

వారమంతా చేపల ఫ్యాక్టరీలో
సాల్మన్ ముళ్ళు లాగిన వేళ్ళు
ఆదివారం పొద్దున బూట్ల లేసుల దగ్గర తడబడతాయి.
చర్చి సంతలో కొన్న పాత బూట్లు.
రోడెల్‌వి ఒక సైజు పెద్ద,
రెండు జతల మేజోళ్ళు తొడిగి
సరిపోయాయని అబద్ధమాడతాడు.
నావి చనిపోయిన ఎవరో ముసలావిడవట.
ఈ కొండలన్నీ వాటికి తెలిసే ఉంటాయని
వాటి వెనకే నేను నడుస్తుంటాను.

మా కమిగిన్ దీవిలో కొండంటే
ఎప్పుడు నిప్పు కక్కుతుందో తెలియని మేనత్త,
దూరంనుంచే దండం.
ఇక్కడ క్లాక్స్‌విక్‌లో కొండ
పెరట్లోనే మొదలవుతుంది.
బట్టలారేసిన తీగ దాటితే గడ్డి,
ఆపైన గొర్రెలు, ఆపైన మబ్బు.

మొదటిసారి బురదనేలలో మోకాలిదాకా దిగబడి
బూటు వదిలేసి
కాలొక్కటే తెచ్చుకున్నాడు.
రెండోసారి, జూన్‌లో,
గూళ్ళు పెట్టిన స్కువా పక్షులు
మా నెత్తులు తన్నడానికే పుట్టినట్టు దూకాయి.
అన్నిటికంటే ఎత్తున్నదాన్నే తంతాయంటే
అన్నం గరిటె పైకెత్తి పట్టుకున్నాను.
ఆ సొట్ట ఇప్పటికీ ఉంది,
వడ్డించినప్పుడల్లా అన్నం
ఒక పక్కకి జారుతుంది.

సెప్టెంబర్‌లో
పాత దారిన పక్క ఊరికి బయల్దేరాం.
సొరంగం తవ్వని రోజుల్లో
ఉత్తరాల్నీ శవపేటికల్నీ
ఈ దారినే మోసేవారట.
రెండు వందల అడుగులకో రాతికుప్ప, గుర్తుకి.
ఒంటిగంటకి ఉన్న లోయ
ఒంటిగంటా ఐదుకి లేదు.
పలకమీద తడిగుడ్డ వేసినట్టు
పొగమంచు తుడిచేసింది.

"వద్దని చెప్పానా" అన్నాను.
నిజానికి చెప్పలేదు.
"ఫోటోలకోసం ఆగింది నువ్వేగా" అన్నాడు.
అది నిజం.
ఫోన్‌లో బాణం గుర్తు సముద్రంలోకి నడవమంది.
మేం మాటల్లో అంతకంటే దూరం పోయాం:
వాళ్ళన్నకి పంపిన డబ్బు,
నేను పారేసిన వీసా కాగితం,
పిల్లలు ఇప్పుడే వద్దని ముందన్నదెవరు.
చలిలో పోట్లాట కష్టం.
సగం మాటలు పళ్ళే నమిలేస్తాయి.

ముందు కుక్క వచ్చింది,
తర్వాత టోపీ, దాని కింద హానుస్.
ఫ్యాక్టరీ ఐసుగది తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి.
"ఏం తింటున్నారు?" అన్నాడు మొదట.
అన్నంముద్దలో ఎండుచేప.
ఒకటి ఆయనకి, సగం కుక్కకి.
నమిలి మింగాక చెప్పాడు:
ఒకరు రాతికుప్పమీద చెయ్యేసి నిలబడాలి.
ఇంకొకరు వెతుక్కుంటూ పోవాలి,
వెనక గొంతు వినిపించినంత దూరమే.
రెండో కుప్ప దొరికితే
అక్కడాగి పిలవాలి.
మాతో రమ్మంటే
"నా గొర్రెలు ఇంకా నాలుగు" అని
టోపీతో సహా మాయమయ్యాడు.

నేను నిలబడ్డాను. రోడెల్ వెళ్ళాడు.
పేరు పెట్టి పిలవడానికి
ఇంకా మొహం చెల్లలేదు.
అందుకని అంకెలు అరిచాను,
ఫ్యాక్టరీలో పెట్టెలు లెక్కపెట్టినట్టు.
నేను ఒకటంటే, ఎక్కణ్ణించో రెండు.
ముప్పయ్యెనిమిది దగ్గర "దొరికింది!"

తర్వాత నా వంతు.
నా వెనక అతను
ఈ ఊరి భాషలో లెక్కపెడుతుంటే
తప్పులు దిద్దుతూ నడిచాను,
నవ్వకూడదని పెదవి కొరుక్కుంటూ.

అయిదో కుప్ప దగ్గర మళ్ళీ నేను.
డెబ్భై అన్నాను. జవాబు లేదు.
మళ్ళీ డెబ్భై.
చేతికింద రాయి తడిగా ఉంది,
ఎవరి తాతో ఏరి పెట్టిన రాయి.
దాన్ని వదిలి పరిగెత్తాలని ఉంది.
వదిలితే ఇద్దరం పోతాం.
అప్పుడు పిలిచాను పేరు పెట్టి,
గొంతు చీరుకుపోయేట్టు.
"లేసు కట్టుకుంటున్నానే!" అన్నాడు,
ఎంత దగ్గరనుంచో.
పట్టరాని కోపంతో
డెబ్భై ఒకటి అని అరిచాను.

ఊళ్ళోకి దిగేసరికి చీకటి.
ఆఖరి బస్సు వెళ్ళిపోయింది.

ఇప్పుడు రాత్రి షిఫ్టు నుంచి వచ్చి
మెట్ల కింద నిలబడి
ఏదో ఒక అంకె అంటాడు.
నేను సొట్టగరిటె పక్కన పెట్టి
తర్వాతిది చెబుతాను.
నిన్న, వానలో, నూట పన్నెండు.